తలుపులు బిగుసుకున్న వీధి

బుధవారం,
వాన కాస్త తెరిపిచ్చిన మధ్యాహ్నం.

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. మేమిక్కడ క్షేమం. మీరూ అక్కడ క్షేమమని తలుస్తాను అని రాయబోయాను గానీ చెయ్యి ఆడలేదు. నువ్వు ఫోన్ ఎత్తడం మానేశావు, అందుకే ఈ కాగితం. నీ భవనంలో రెండో అంతస్తులో అద్దెకుంటున్న నర్సమ్మ డ్యూటీ దిగి ఇటు వస్తానంది. ఆవిడ చేతికిచ్చి పంపుతాను. కోపంతోనైనా సరే, చివరిదాకా చదువు.

మా కాలేజీ పాత విద్యార్థులం ప్రతి ఆదివారం ఆన్‌లైన్‌లో ఊరందరికీ ఉచితంగా ప్రసంగాలు పెడుతున్నామని నీకు తెలుసు. ఊసుపోక చెప్పుకునే కబుర్లని నవ్వేవాడివి. నిజమే, మొన్నటిదాకా కాలక్షేపంగానే నడిచాయి. పళ్ళ డాక్టరు పళ్ళ గురించి చెప్పాడు, బ్యాంకులో పనిచేసే ఆవిడ ఫోన్ మోసాల గురించి చెప్పింది. మధ్యలో ఎవరో ఒకరు మైకు ఆపడం మరిచిపోయి ఇంట్లోవాళ్ళని తిట్టడం మామూలే.

మొన్న ఆదివారం మా క్లాసువాడు మాట్లాడాడు. చదువుకునే రోజుల్లో జేబుల నిండా రాళ్ళు వేసుకు తిరిగేవాడని ‘రాళ్ళబ్బాయి’ అనేవాళ్ళం. ఇప్పుడు కొండచరియలు ఎందుకు విరిగిపడతాయో పరిశోధిస్తున్నాడు. జారబోయే కొండ ముందుగానే ఆనవాళ్ళు చూపిస్తుందన్నాడు. తలుపులు చట్రాల్లో బిగుసుకుంటాయట. కరెంటు స్తంభాలు ఒరుగుతాయట. తేటగా ఊరే నీళ్ళు బురదగా మారతాయట.

జనం రాసే ప్రశ్నలు నేనే చదివి వినిపిస్తున్నాను. తన షాపు షట్టరు సగంలో ఆగిపోతోందని ఒక దర్జీ రాశాడు. వంటింటి తలుపు భుజంతో నెడితే గానీ తెరుచుకోవడం లేదు, వానకి చెక్క ఉబ్బిందేమోనని నర్సమ్మ రాసింది. వెనక గోడలోంచి ఎర్రనీళ్ళు కారుతున్నాయి, పైపు పగిలిందా అని ఒక ఆటో డ్రైవరు అడిగాడు. నేను నా ధోరణిలో చదువుకుంటూ పోతున్నాను. రాళ్ళబ్బాయి కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు.

“వీళ్ళంతా వేరువేరు చోట్ల ఉంటారా, ఒకే వీధిలోనా?” అన్నాడు.

దర్జీ రాశాడు, ముగ్గురిదీ కొండ కింద కొత్త భవనమేనని. కొండ పాదం తొలిచి నువ్వు కట్టిన భవనమే.

“అయితే ప్రసంగం ఇక్కడితో ఆపుతున్నాను. సామాన్ల సంగతి తర్వాత. ముందు మీరు బయటికి రండి,” అన్నాడు రాళ్ళబ్బాయి.

ఆ సాయంత్రమే చాలామంది పిల్లాపాపలతో బంధువుల ఇళ్ళకి వెళ్ళిపోయారు. నువ్వు నాకు ఫోన్ చేసి, సొంత అక్కవై ఉండి నా నోట మన్ను కొట్టావన్నావు. రికార్డింగు తీసేయమన్నావు. ఆ తర్వాత గొంతు తగ్గించి, “అంత ప్రమాదమే ఉంటే నా పెళ్ళాం పిల్లల్ని అదే భవనంలో పెట్టుకుంటానా అక్కా?” అన్నావు. నేను మెత్తబడ్డాను. అదే మాట అద్దెవాళ్ళకీ చెప్పావట. వెళ్ళినవాళ్ళందరూ తిరిగొచ్చేశారు.

నిన్న మీ ఇంటికి వచ్చాను. తాళం వేసి ఉంది. వెనక గోడకి సిమెంటు పూయించావు. తడి ఇంకా ఆరలేదు, మధ్యలో వెంట్రుకంత చీలిక అప్పుడే మళ్ళీ నోరు తెరిచింది. గోడకి చెవి ఆనించాను. లోపల ఎవరో గులకరాళ్ళు నములుతున్నట్టు చప్పుడు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నా అదే వినిపించింది. నేను తీసిన ఫోటోలు చూసి రాళ్ళబ్బాయి మున్సిపాలిటీవాళ్ళకి పంపాడు. వాన తగ్గాక వచ్చి చూస్తామన్నారట. అప్పటిదాకా ఆగమని కొండకి ఎవరు చెప్పాలి?

తమ్ముడూ, నువ్వు పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు. ఉండనీ, పోట్లాట తర్వాత పెట్టుకుందాం. కాలేజీ ఆడిటోరియం తాళాలు ప్రిన్సిపాల్‌గారు నా చేతికిచ్చారు. అందరికీ చోటుంది. మరదల్నీ పిల్లల్నీ తీసుకుని నువ్వు ముందు దిగు. నువ్వు దిగితే మిగతావాళ్ళు ఒక్క క్షణం ఆగరు.

నీ మేలు తప్ప మరొకటి కోరని
అక్క

తా.క. అంటించిన కవరు చింపి ఇది రాస్తున్నాను. ఇప్పుడే మరదలు ఫోన్ చేసింది. నువ్వు తన ఫోనూ ఎత్తడం లేదట, ఎలా ఉన్నావో చూసి రమ్మంది. ఎక్కడి నుంచి మాట్లాడుతున్నావని అడిగితే పుట్టింటి నుంచట. పిల్లలు అక్కడే బడికి వెళ్తున్నారట. పిల్లల గది గోడ బీటలిచ్చిన రోజునే నువ్వు వాళ్ళని పంపేశావట. మా ప్రసంగానికి చాలా ముందే. “మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు వదినా,” అని ఏడ్చింది.

ఫోన్ స్పీకరులో ఉంది. ఉత్తరం కోసం వచ్చిన నర్సమ్మ నా పక్కనే నిలబడి అంతా విన్నది. వెంటనే ఇంట్లో ఉన్న వాళ్ళమ్మకి ఫోన్ చేసింది, ఆ తర్వాత దర్జీకి. అందరూ దిగుతున్నారట. నువ్వు మాత్రం గోడ దగ్గర సిమెంటు కలుపుతూనే ఉన్నావని దర్జీ చెప్పాడు.

ఉత్తరం నేనే తెస్తున్నాను. వీధి మొదట్లో నిలబడతాను. వచ్చి తీసుకో.