తీపి గ్లాసులో కలిపింది

క్లాటెన్,
సోమవారం, ఆగస్టు 11, 2003

తోడబుట్టకపోయినా తోడబుట్టినదాని కన్నా ఎక్కువైన లస్మినీ అక్కకు,

వగియెం సలాములు. దేవుడి దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వూ బాగున్నావని రాయాలనే ఉంది, నిన్న ఫోనులో నీ గొంతు విన్నాక ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

మనవణ్ణి చూసుకోవడానికని సెమరాంగ్ వెళ్ళి నిండా మూడు వారాలు కాలేదు, మంచం దిగలేకపోతున్నానన్నావు, తిన్నది ఇమడటం లేదన్నావు. పైగా, నువ్వు వేర్లు నూరి కాచే జాము కషాయం లేకే నాకీ గతి పట్టిందే, రెండు సీసాలు బస్సులో పంపవే అన్నావు. సరే సరే అని ఫోను పెట్టేశాను. చెప్పాల్సింది చెప్పలేదు, అందుకే ఈ ఉత్తరం. పొద్దుటి బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను, మధ్యాహ్నానికల్లా మీ అమ్మాయి రత్మికి అందుతుంది.

సీసాలు పంపడం లేదు, కోప్పడకు. ఇది చదవగానే కూతుర్ని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళు. రేపు, ఎల్లుండి అనొద్దు. మాత్రలు మింగడం కన్నా మట్టి తినడం నయమని వీధంతా వినేలా అరిచిన మనిషివని తెలుసు. ఈ ఒక్కసారికీ నా మాట విను.

వీధి సంగతులంటావా, జాము సీసాల బుట్ట వీపుకి కట్టుకుని అమ్ముతూ తిరగడం నాలుగు రోజులుగా మానేశాను. బడి వంటావిడ సరిన్తెన్ నిన్నే తలుచుకుంటోంది. లస్మినీ మొహం ఎంత గుండ్రంగా, కళగా తేలిందమ్మా, ఆ కషాయమేదో నాకూ పొయ్యవే, దాచుకుంటావా అంటూ గుమ్మంలో కూర్చుంది. ఒళ్ళు చేస్తే చాలు, ఆరోగ్యం వచ్చిందని మురిసిపోతాం మనం. పోయిన పండక్కి నీ బుగ్గలు చూసి నేనూ మురిశాను. అది ఆరోగ్యం కాదక్కా, వాపు.

నిరుడు మోకాళ్ళ నొప్పికి మూడు నెలలు నా కషాయం తాగి, ఇది వీధి కుక్కకి పోసినా ఒకటే, నాకు పోసినా ఒకటే అని నలుగురిలో నవ్వావు. నేనూ నవ్వి, ఇంటికొచ్చి ఏడ్చాను. ముప్పై ఏళ్ళుగా నూరుతున్నాను మరి. తర్వాత నెల తిరక్కుండానే లేచి వరికోతలకు వెళ్ళావు. వగియెం చేతిలో మహత్తు ఉందని ఊరంతా చెప్పావు. అప్పుడు నేను తల దించుకుంటే వినయమనుకున్నావు.

ఇట్లు,
నువ్వు చెల్లీ అని పిలిచే
వగియెం

తా.క.: రత్మీ, ఇది పైకి చదువమ్మా. డాక్టరు ముందు కూడా చదువు.

అక్కా, చేదు గ్లాసు తాగాక నోటి తీపికని అందరికీ అల్లం బెల్లం నీళ్ళు ఊరికే ఇస్తాను కదా. నీ తీపి గ్లాసులో ఏడాదిగా రోజూ ఒక గొట్టం మాత్ర విప్పి లోపలి పొడి కలిపాను. సంతలో ఒకడు అమ్మాడు. ఉత్త వేర్ల పొడేనమ్మా, ఒంటికి బలం అన్నాడు. అట్ట మీద పసుపు కొమ్ము బొమ్మ ఉంది. నమ్మాను. నమ్మాలనీ అనుకున్నాను.

పోయిన గురువారం ఆరోగ్య కేంద్రంలో నర్సు అదే అట్ట పట్టుకుని చూపించింది. అందులో స్టెరాయిడ్ మాత్రలు నూరి కలుపుతున్నారట. నెలల తరబడి తాగి ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికొస్తుందట. నువ్వు మానేశావు, తాగుతున్నట్టే నీకు తెలియదు.

గురువారం విన్నదాన్ని నిన్నటిదాకా నీకు ఫోను చెయ్యలేదు. నా పేరు పోతుందని. చివరికి నువ్వే చేశావు.

ఏం వాడావని డాక్టరు అడిగితే జాము తప్ప ఏదీ ముట్టలేదని ఒట్టేసి మరీ చెబుతావు. చెప్పకు. ఇందులో ఖాళీ అట్ట పెట్టాను, చూపించు. నా పేరు కూడా చెప్పు.

పండగ నాడు ఒకళ్ళ చేతులొకళ్ళం పట్టుకుని క్షమించమని అలవాటుగా అనేస్తాం. ఇప్పుడు ఆ మాట అడగను. నన్ను తిట్టడానికైనా నువ్వుండాలి అక్కా, లే, బయల్దేరు.