సెల్లార్‌ల కారు, దసరా లైట్లు

విజయన్నా,

మన హైబ్రిడ్ కారు స్టార్ట్ కాదు, ఊకె బటన్ నొక్కకు. చార్జింగ్ ఫుల్లుంది, పెట్రోల్ సుత ఉంది. డిక్కీల ఉండే చిన్న బ్యాటరీ డౌనైంది. అది లేకుంటే పెద్ద బ్యాటరీ, ఇంజిన్ రెండూ లేవవు.

దసరాకు కారు లోపలి దేవుని బొమ్మ చుట్టూ సీరియల్ లైట్లు పెట్టి, వాటి వైరు ఆ చిన్న బ్యాటరీకే కలిపినవ్. పండుగ పోయినా తీయలేదు. సనత్‌నగర్ మెకానిక్ యాదగిరన్న పొద్దున వచ్చి చూసి చెప్పిండు.

మొన్న ఇది స్టార్ట్ కాకుంటే సెల్లార్‌ల అందరి ముంగట ఏమన్నవ్? "మానస చేతికిస్తే ఏ బండైనా గింతే" అన్నవ్. వాచ్‌మన్ సుత నవ్విండు.

యాదగిరన్న అప్పుడే బాగు చేస్తనన్నడు. నేనే వద్దన్న. సాయంత్రం సెల్లార్‌ల అయ్యే మన అపార్ట్‌మెంట్ మీటింగ్ టైముకు రమ్మన్న. ఎందుకు ఖరాబైందో జర గట్టిగ చెప్పమన్న. మీటింగ్ పెట్టేది నువ్వే, తప్పించుకోలేవు.

నేను మెట్రోల పంజగుట్ట ఆఫీసుకు పోతున్న. పప్పు వండిన, తిని దిగు. ఉత్త కడుపుతోని అంతసేపు నిలబడలేవు.

మానస

ఇంకోటి. ఆ వైరు ఎవ్వరినీ ముట్టనియ్యలే. నీ చేతులతోనే పీకాలె. టార్చి పట్టమని వాచ్‌మన్‌కు చెప్పిన.