ఖాళీగా ఉంచిన పద్నాలుగో సీటు

కల్లియోసారి,
నవంబరు 9, 2014, ఆదివారం.

ప్రియమైన రైలికి,

ఇర్మెలి నమస్కారాలు. నా కుడి మోకాలు తప్ప ఇక్కడ అంతా క్షేమం. మీ ఇద్దరి క్షేమం తెలుసుకోవాలని ఉంది గానీ, ఆరేళ్ళుగా నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు. ఒకే ఊళ్ళో ఉంటాం, ఒకే కొట్లో పిండి కొనుక్కుంటాం. నన్ను చూడగానే నువ్వు బిస్కెట్ల వైపు తిరుగుతావు, నిన్ను చూడగానే నేను సబ్బుల వైపు తిరుగుతాను. ఇంట్లో ఎన్ని సబ్బులు పోగయ్యాయో చూస్తే నవ్వుతావు. ఎదుట నిలబడి మాట్లాడే ధైర్యం లేక రాస్తున్నాను. చింపెయ్యాలనిపిస్తే చివరిదాకా చదివి అప్పుడు చింపు. పెద్ద ఉత్తరమే, కాఫీ పెట్టుకుని కూర్చో.

సెప్టెంబరులో మన హాకీ క్లబ్బుకి ఒక అమ్మాయి వచ్చింది. పేరు పిహ్లా, యూనివర్సిటీలో చదువుతోంది. ఐస్ హాకీ మ్యాచ్‌లకి జనం ఎందుకొస్తారు, ఎందుకు రారు, టికెట్లు ఏ రోజు తెగుతాయి, ఏ రోజు మిగులుతాయి అన్నది ఆ పిల్ల పరిశోధన. మేనేజరు తీసుకొచ్చి నా టికెట్ కిటికీ పక్కనే కుర్చీ వేయించాడు. ముప్పై నాలుగేళ్ళు ఈ కిటికీలో కూర్చున్నదాన్ని, దీనికి చదువెందుకమ్మా, నన్నడిగితే ఒక్క పూటలో చెప్పనా అనుకున్నాను. చెప్పాను కూడా.

పక్క ఊరి జట్టు వస్తే హాలు నిండుతుంది. గెలిస్తే వాళ్ళ మొహాలు చూడాలి, ఓడితే తిట్టడానికి పక్కన మనిషి కావాలి. శనివారం కిటకిట, మంగళవారం సగం. అక్టోబరులో దుప్పి వేట మొదలైందంటే మగాళ్ళంతా అడవిలో ఉంటారు, ఆ రెండు వారాలు ఆట చూసేవి బెంచీలే. చలి సున్నాకి ఇరవై కింద ఉన్నా జనం ఆగరు. కానీ మంచు కరిగి రోడ్డు చిత్తడైతే మాత్రం ఒక్కడూ ఇల్లు కదలడు. వరసగా మూడు గెలిస్తే పెళ్ళాం పిల్లలతో వస్తారు, వరసగా మూడు ఓడితే ఒంటరిగా వస్తారు. అందగాడైన గోల్‌కీపరు వచ్చిన ఏడు హైస్కూలు ఆడపిల్లలకి నిలబడే చోటు టికెట్లు చాల్లేదు, గుర్తుందా? నువ్వూ నేనూ కూడా ఆ ఏడు కొత్త టోపీలు కొనుక్కున్నాం. అది మాత్రం పిహ్లాకి చెప్పలేదు.

అన్నీ విని ఆ పిల్ల తల ఊపి, “ఇవన్నీ నా లెక్కలో ఉన్నాయి ఇర్మెలి గారూ. లెక్కకి అందనివే వెతుకుతున్నాను” అంది. వెతికింది. గత సోమవారం వచ్చి, “సి వరుసలో స్తంభం ఎక్కడుందండీ?” అని అడిగింది.

సి వరుస పద్నాలుగు నీ సీటు. పదిహేను నాది. ఆట మూడు పీరియడ్లలో మొదటిది అవగానే కిటికీ మూసి, పరిగెత్తుకొచ్చి నీ పక్కన కూలబడేదాన్ని. నువ్వు నా కోసం సగం సాసేజి ఉంచేదానివి, ఆవ ముద్ద రాయకుండా. నువ్వు రావడం మానేశాక ఆ సీటు వేరేవాళ్ళకి అమ్మడానికి నాకు చెయ్యి రాలేదు. కంప్యూటర్లో ‘స్తంభం అడ్డం’ అని పెట్టేశాను. ఏటేటా అదే పెడుతున్నాను. ఆ పిల్ల వెళ్ళి నీ సీట్లో కూర్చుని చూసిందట. “రెండు గోల్ పోస్టులూ శుభ్రంగా కనబడుతున్నాయి” అంది. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అంతటితో వదల్లేదు. ఒక పెద్ద కాగితం పరిచింది. దాని మీద పన్నెండేళ్ళ మ్యాచ్‌లన్నీ చుక్కలు. రెండువేల ఎనిమిది శరత్కాలం దగ్గర వేలు పెట్టి, “ఇక్కడినుంచి ప్రతి మ్యాచ్‌కీ రెండొందల మంది తగ్గారు. జట్టు అదే, కోచ్ అదే, ఆ ఏడు ఎక్కువ మ్యాచ్‌లు గెలిచారు కూడా. వాతావరణం కాదు, వారం కాదు. ఆ శరత్కాలంలో ఇక్కడ ఏం మారింది?” అని అడిగింది. ఏమో నాకు తెలియదన్నాను.

నాకు తెలుసు. మైకులో గొంతు మారింది. మీ ఆయన టైస్తో మైకు వదిలి వెళ్ళిపోయారు.

ఆయన గొంతు గురించి నీకు నేను చెప్పడమేంటి, రోజూ నీ వంటింట్లోనే వింటావు. గోల్ ఎవరు కొట్టారో ఎవడైనా చెప్తాడు. విరామంలో “సి వరుసలో హిల్యా గారికి ఇవాళ ఎనభై నిండాయి. లేవక్కర్లేదు, చెయ్యి ఊపండి చాలు” అని ఇంకెవరంటారు? సాసేజి కొట్టు కౌకోని “నీలం కారు లైట్లు మళ్ళీ వెలుగుతున్నాయి కౌకో, ఈ చలికాలంలో ఇది మూడోసారి” అని పిలిస్తే హాలంతా “కౌకో! కౌకో!” అని ఒకటే గోల. కొట్టు కొడుక్కి అప్పగించాక కూడా ఆ పిలుపు కోసం టికెట్ కొనుక్కుని వచ్చేవాడు కౌకో. తర్వాత మానేశాడు. ఎందుకు మానేశారని పిహ్లా వెళ్ళి అడిగితే, “మ్యాచ్ టీవీలోనూ వస్తుందమ్మా. అక్కడ ఇప్పుడు నేను రాకపోతే అడిగేవాడు లేడు, వస్తే వేళాకోళం చేసేవాడూ లేడు. కారు లైట్లు ఇప్పుడూ వెలుగుతూనే ఉంటాయి, బ్యాటరీ చచ్చాక తెలుస్తోంది” అన్నాడట. ఆ పిల్ల ఆ మాట కింద మూడు గీతలు గీసింది.

ఆ మర్నాడు కౌకో నా కిటికీ దగ్గరికొచ్చాడు. టికెట్ కోసం కాదు. టైస్తో సంగతి చెప్పాలని. ఆయన్ని మంగలి షాపుకి తనే తీసుకెళ్తున్నాడట. కారు నడపడం ఎప్పుడో మానేశారనీ, తాళంచెవి నీకిచ్చి దాచమన్నారనీ చెప్పాడు. కళ్ళ డాక్టరు కళ్ళలో దోషం లేదన్నాక, అయితే బుర్రలోనే ఉందని ఆయనే తీర్మానించుకున్నారట. జ్ఞాపకశక్తి పరీక్షలు రెండుసార్లు చేయించుకున్నారనీ, రెండుసార్లూ ఏమీ లేదన్నారనీ, అయినా నమ్మరనీ చెప్పాడు. ఆవిరి స్నానానికి సౌనా పొయ్యి కూడా ఒక్కరే వెలిగించరట. డిసెంబరులో మీ మనవరాలి పెళ్ళిలో నాలుగు మాటలు చదవమంటే, “నేను నలుగురిలో చదివితే ఏమవుతుందో ఊరంతా చూసింది” అన్నారట. కౌకో కళ్ళు తుడుచుకున్నాడు. నేను కిటికీ తెర దించేశాను.

రైలీ, ఆ రోజు గురించి మనిద్దరం ఎప్పుడూ కూర్చుని మాట్లాడుకోలేదు. రెండువేల ఎనిమిది మార్చి మొదటి మంగళవారం, సీజన్లో మన హాల్లో ఆఖరి మ్యాచ్. పైకప్పు కారుతున్న హాలుని బాగుచెయ్యాలంటే మ్యాచ్‌కి సగటున రెండువేల మంది రావాలని మున్సిపాలిటీ పెట్టిన మెలిక నీకు తెలుసు. ఆ ఒక్క రోజు రెండువేల ఐదొందలు దాటితే గట్టెక్కుతాం. బయట చిత్తడి, వచ్చింది అట్టడుగు జట్టు. ఎప్పటిలాగే రెండో విరామంలో వచ్చినవాళ్ళ సంఖ్య ఒక అమ్ముడుపోని టికెట్ వెనక రాసి, కాఫీతో, తీపి బన్నుతో టైస్తో గదికి తీసుకెళ్ళాను. మూడో పీరియడ్లో ఆయన గొంతెత్తి “రెండువేల ఆరువందల నలభై!” అని చదివారు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. నువ్వు నన్ను కావిలించుకున్నావు.

మర్నాడు పేపర్లో ఖాళీ బెంచీల ఫోటో వచ్చింది. గేటు మిషన్ లెక్క వెయ్యిన్ని ఆరువందల నలభై. నేను ఆఫీసులో ఇచ్చిన కాగితంలోనూ అదే. మేనేజరు అడిగితే టైస్తో “ఒకటిని రెండు అని చదివుంటాను” అన్నారు. చీటీ దొరకలేదు. ఊళ్ళో కుర్రాళ్ళు “టైస్తో శ్మశానంలో వాళ్ళని కూడా కలిపి లెక్కేశాడు” అని రెండు నెలలు నవ్వుకున్నారు. ఆయన మైకు వదిలేశారు.

నువ్వు నా గుమ్మంలో నిలబడి అన్న మాట ఒక్క ముక్క మర్చిపోలేదు. “ముప్పయ్యేళ్ళలో ఆయన ఒక్క పేరు తప్పు చదవలేదని ఒక్క మాట అనలేకపోయావటే? నోరు పడిపోయిందా నీకు?” అన్నావు. నువ్వన్నది నిజం. ఒక్క మాట అనుంటే సరిపోయేది. అనలేదు. ఆ సిగ్గు ఆరేళ్ళుగా నన్ను తినేస్తోంది. నన్ను క్షమించమని అడుగుతున్నాను.

శనివారం పక్క ఊరి జట్టు వస్తోంది. ఇద్దరూ రండి. నా కిటికీ దగ్గరికి రాకపోయినా ఫర్వాలేదు, నేరుగా వెళ్ళి కూర్చోండి. పద్నాలుగు ఖాళీగానే ఉంది. పదిహేనులో టైస్తో కూర్చుంటారు, నేను వెనకాల నిలబడతాను. పిహ్లా కాగితంలో ‘జనం తగ్గడానికి కారణం’ అన్నచోట ఇంకా ఏమీ రాయలేదు. ఏం రాయాలో నేనే చెప్తానన్నాను.

నీ
ఇర్మెలి

తా.క.: కవరు అంటించాక మళ్ళీ చింపి తీశాను. ఇన్ని పేజీలు రాసి అసలు సంగతి రాయలేదు. నువ్వు పైన చదివిందంతా నిజమే, కానీ ఒకటి దాచాను.

దీనితోపాటు ఒక పాత టికెట్ ఉంది, చూడు. అంచున కాఫీ మరక ఉంది. ఆ రోజు టైస్తో గదికి కాఫీ కప్పు తీసుకురావడానికి వెళ్ళినప్పుడు ఈ చీటీ కూడా తెచ్చేశాను. ఆరేళ్ళుగా నా కుట్టుపెట్టెలో ఉంది. వెనక్కి తిప్పి చదువు. 2640. రాత నాది. నా అంకెలు అచ్చేసినట్టు ఉంటాయని నువ్వే అనేదానివి.

హాలు మూసేస్తారని భయంతో ఒకటిని రెండు చేసింది నేను. ఆఫీసు కాగితంలోనూ అలాగే వెయ్యాలనుకున్నాను. పొద్దున్నే పేపర్లో ఫోటో చూసి భయపడి అసలు సంఖ్య వేసి ఇచ్చేశాను. నా ఎదురుగానే టైస్తో “తప్పు చదివుంటాను” అంటే, నేను నోరు మూసుకున్నాను. ఇంతా చేస్తే, హాలు బాగుచెయ్యాలని మున్సిపాలిటీ ఆ మ్యాచ్‌కి ముందు, ఫిబ్రవరిలోనే తేల్చేసిందట. నేను మార్చి రాసిన ఆ ‘రెండు’ అంకె ఎవరికీ అక్కర్లేకపోయింది.

నిన్న ఇదంతా రాసి మేనేజరుకి ఇచ్చాను. శనివారం రెండో విరామంలో మైకు దగ్గర నా నోటితో నేనే చెప్తాను. తర్వాత నన్ను కిటికీ నుంచి తీసేస్తే తీసెయ్యనీ. మీరు రాకపోయినా చెప్తాను.

ఈ టికెట్ టైస్తో చేతిలో పెట్టి పైకి చదవమను. ఆ రోజు ఆయన చదివింది నేను రాసిందే. కారు తాళంచెవి ఎక్కడ దాచావో తీసి ఆయనకిచ్చెయ్యి రైలీ.