అతికిన అట్ట

చోడవరం,
ఆదివారం.

నాన్నగారికి మీ సత్యం నమస్కారాలు.

నేనిక్కడ బాగానే ఉన్నాను. ఖరగ్‌పూర్‌లో మీరంతా ఎలా ఉన్నారు? మీ మోకాలి నొప్పి తగ్గిందా? అమ్మ దగ్గు ఎలా ఉంది? తమ్ముడు చదువుతున్నాడా, రైల్వే మైదానంలోనే కాపురం పెట్టాడా? నా గురించి బెంగ పెట్టుకోవద్దని అమ్మకి చెప్పండి. బడిలో డ్రిల్లు మాస్టరు పని సాఫీగా నడుస్తోంది. వాన మాత్రం వదలడం లేదు, గదిలో బట్టలు ఆరక వాసనేస్తున్నాయి. తిండికి లోటు లేదు. అప్పలనాయుడు ఇంటి నుంచి రెండు పూటలా క్యారేజీ వస్తోంది. నిజంగానే బాగున్నాను.

బాగాలేనిదల్లా ఈ పిస్తోలు పోటీ ఒక్కటే. కొరివితో తల గోక్కున్నట్టు దీన్ని నెత్తికెత్తుకున్నాను. ఎవరి ఊళ్లో వాళ్లు గాలి పిస్తోలుతో కాల్చుకుని, సాక్షి సంతకంతో ఆ గురి అట్టలు నాకు పోస్టులో పంపాలి, నేను చిల్లులు కొలిచి మార్కులు వేయాలి. చెప్పడానికి ఎంత సులువు! బరంపురం వాళ్లు అట్టలన్నీ సరిగ్గా నల్లచుక్క మీదే మడత పెట్టి పంపారు. అందులో గుండు చిల్లేదో మడత చిరుగేదో ఆ దేవుడికే తెలియాలి. విజయనగరం వాళ్లు సాక్షి సంతకమే మరిచారు. అడిగితే, కాల్చినాయన బావమరిది చేత పెట్టించి పంపారు. మీ ఖరగ్‌పూర్ క్లబ్బువి మాత్రం రెండు చెక్కల మధ్య ఇస్త్రీ చేసినట్టు వచ్చాయి. వాటిని చూసి ఇంకా ఒళ్లు మండింది.

నన్ను బండెక్కిస్తూ, "ఆ చెరకు తోటల్లో నీతో పిస్తోలు పట్టేవాడెవడురా?" అన్నారు మీరు. ఉన్నాడు నాన్నగారూ. ఈ అప్పలనాయుడే. వాళ్ల బెల్లం వండే పాక వానాకాలమంతా ఖాళీ, అదే మా మైదానం. వచ్చిన కొత్తలో బడి వదిలాక గోడలతో మాట్లాడుకునేవాణ్ణి. ఆ పాకలో అడుగు పెట్టాకే నాకిక్కడ ఒక మనిషి దొరికాడు. పోటీ రోజు సాక్షిగా అతని వెనకే నిలబడ్డాను. ఒక్క గుండు తప్ప అన్నీ చుక్క నడిమికే పోయాయి. మీ క్లబ్బులో ఎవరూ అలా కాల్చలేదు. మీరు కూడా.

మా అట్టలు నేను కొలవకూడదు, మీకే పంపాలని నియమం కదా. పాక కురుస్తోందని, అట్టను ఇంట్లో పొడిగా ఉంచమని నాయుడి తల్లి బంగారమ్మగారికి ఇచ్చాను. అక్కడే కొంప మునిగింది. సాధన చేసే అట్టలు మాకు చాలవు. అందుకని ఏ రోజుకారోజు చిల్లులకి కాగితం ముక్కలు మెతుకులతో అతికి మళ్లీ వాడుకుంటాం. ఆ అతికే పని ఆవిడదే. మర్నాడు వెళ్లేసరికి పోటీ అట్టకి ముందూ వెనకా చక్కగా అతికేసి, పొత్రం కింద పెట్టి నొక్కి, నాలుగు మూలలా పసుపు రాసి ఉంచింది!

"ఏటి బాబూ అలగ సూస్తన్నావు? సిల్లులడిపోయిన కాయితం మీ నాన్నగారింటికి ఎలగ పంపుతాం? మా మరేద ఏటవుతాది?" అంది.

ఒక ముక్క తడిపి ఊడదీయబోతే నల్లరంగు కూడా దాంతో లేచొచ్చింది. చెయ్యి పడిన అట్ట చెల్లదని నియమాల్లో రాసింది మీరే. మీ దాకా పంపకుండానే సున్నా వేశాను.

"నువ్వు నా ఎనకాలే ఉన్నావు కదా మేష్టరూ! సూసింది రాయడానికేటి?" అన్నాడు నాయుడు. చూసింది వేరు, కొలిచింది వేరన్నాను. "మీ నాన్నగారు గెలవాలనేటి?" అన్నాడు. ఆ మాట ముల్లులా దిగింది నాన్నగారూ. ఆ రోజు నుంచి అతను పాకకి రాలేదు, నాతో మాట్లాడలేదు. క్యారేజీ మాత్రం ఒక్క పూట కూడా తప్పలేదు. ఆ అన్నం తింటుంటే మరీ కష్టంగా ఉంది. ఇంత నిజాయితీ నాకెందుకు నేర్పారా అని మీ మీద కూడా కోపం వచ్చింది.

ఇవాళ ఆ క్యారేజీ బంగారమ్మగారే పట్టుకొచ్చింది, వానలో తడుస్తూ. కొంగులోంచి ఒక అట్ట తీసింది.

"నిన్న ఆడి సేత మళ్లీ కాల్పించేను బాబూ. సిల్లులు సిల్లుల్లాగే ఉంచేను, సెయ్యెట్టలేదు. పంపించెయ్యి."

గడువు దాటిపోయింది. ఫలితాలు అందరికీ పోస్టు చేసేశాను. చెబుదామని నోరు తెరిచాను. "పంపుతానమ్మా" అనే వచ్చింది.

అందుకే ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఇది పోటీలోకి రాదు. కప్పు మీదే, పదిలంగా కట్టి పంపిస్తాను. కానీ ఈ అట్టను ఎప్పటిలాగే కొలవండి, ఏ దయా చూపకుండా. మూలల్లో పసుపు మాత్రం ఆవిడ మానలేదు. చిల్లులకి తగల్లేదు, చూశాను. వచ్చిన మార్కులు మీ చేత్తో ఒక కార్డు మీద రాసి పంపండి. నా పేర వద్దు, బంగారమ్మగారి పేర రాయండి. ఆవిడకి చదువు రాదు. నాయుడి చేతే చదివించుకుంటుంది.

అమ్మకి నా నమస్కారాలు, తమ్ముడికి ముద్దులు. వీలైతే కలకత్తా నుంచి సీసపు గుళ్ల డబ్బా ఒకటి తెప్పించండి. నాయుడు మళ్లీ పాకకి వస్తే కావాలి.

మీ దీవెన కోసం చూసే
సత్యం