తొట్లెలో పరిచే బొంత

సంధ్య నాయినా,

అన్నం, పప్పుచారు పొయ్యి మీద ఉన్నాయి, వేడి చేసుకొని తిను. నేను మనవడి బొంత తీసుకొని, సంధ్య దగ్గరికి పెద్దపల్లి బస్సుకు పోతున్నాను. మంచం మీద డబ్బాలు అట్లాగే ఉండనీ. దారాలు హార్లిక్స్ సీసాలో, గుడ్డముక్కలు ఐస్‌క్రీం డబ్బాలో ఉన్నాయి. నువ్వు సర్దితే నాకు మళ్లీ దొరకవు.

పెద్దసూది దొరికింది. రాత్రి బొంత పూర్తయ్యాక దాన్ని బామ్ సీసాలో వేశాననుకున్నాను. పొద్దున చూస్తే లేదు. బొంతలోనే ఉండిపోయిందేమోనని అంతా తడిమి చూశాను. పడుకునేది పసివాడు. నువ్వేమో డ్యూటీకి పోతూ "నీ సూదులతోటి నాకేం పనే?" అన్నావు. సగం కుట్లు విప్పేశాక పక్కింటి యేసమ్మక్క వచ్చింది. "బొంత చించుడు తర్వాత చెల్లె, ముందుగాల మీ ఆయన డబ్బాలు చూసినవా?" అంది.

నీ షేవింగ్ డబ్బాలో, బ్లేళ్ల పక్కన ఉంది సూది. రాత్రి కాల్లో ముల్లు తీసుకొని అక్కడే పెట్టేసినట్టున్నావు. ఇకమీద పిన్నీసులు వాడుకో, అవి పాత సబ్బు డబ్బాలో ఉంటాయి. గట్టిగా తిడదామనుకున్నాను గానీ, సూది కనబడగానే కోపమంతా పోయింది.

ఇద్దరం కలిసి కుట్లు మళ్లీ వేశాం. అయినా మనసు ఒప్పక బొంతను నేల మీద పరిచి, దాని మీద అటూ ఇటూ పొర్లాను. ఎక్కడా గుచ్చుకోలేదు. యేసమ్మక్క నవ్వీ నవ్వీ, తనూ ఒకసారి పొర్లింది.

ముల్లు దిగిన చోట పసుపు పెట్టుకో. పొద్దున కుంటుకుంటూ పోవడం చూశాను.