క్యామ్ ప్రింట్‌లో నవ్వు

మార్చి 3

వేనింగ్ వదిన నా సినిమా కాపీల షాపుకొచ్చింది. జత్మికో అన్నయ్య పోయాక రావడం ఇదే మొదటిసారి. మలాంగ్ సినిమా హాల్లో నేను ఫోన్‌తో తీసిన ఆ దెయ్యాల కామెడీ కావాలట. బొమ్మ వణుకుతుంది, ముందు వరస తలకాయలు అడ్డం, అయినా అదే కావాలట. ఆయన నీ పక్కనే కూర్చుని పగలబడి నవ్వారు కదా సులీ, ఆ నవ్వు దాంట్లో పడింది కదా, అని బతిమాలింది.

పడింది. రోజూ షాపు తెరవగానే వింటాను.

బండి జారి అన్నయ్య పోయిన రాత్రి, అంత వానలో మార్తబక్ తినాలనుందని అన్నయ్యను బండి మీద తోలింది ఎవరు? అంత నోరూరితే తనే పోవాల్సింది. పెన్‌డ్రైవ్‌లో బ్లూరే ప్రింట్ ఎక్కించి పంపాను.

మార్చి 4

మళ్లీ వచ్చింది. బొమ్మ అద్దంలా ఉంది గానీ ఇందులో ఎవరూ నవ్వట్లేదే, అని ఏడుపు.

క్యామ్ అంటే హాల్లో దొంగచాటుగా తీసింది వదినా, జనం గోల ఉంటుంది; బ్లూరే అంటే డిస్క్ నుంచి తీసింది, జనం ఉండరు, అని చంటిపిల్లకు చెప్పినట్టు చెప్పాను. క్యామ్ చెరిపేశానన్నాను. నెట్‌లో వెతుక్కో, పేరు పక్కన క్యామ్ అని ఉంటుంది అన్నాను.

క్లియర్ ప్రింట్ వచ్చాక క్యామ్ ఎవడూ ఉంచడు, ఆ పేరుతో మిగిలేవి ఎరలేనని చెప్పలేదు. రెండు ఎంబీ ఉండి చివర ఈఎక్స్ఈ అని ఉంటే అది సినిమా కాదు, వైరస్ అనీ చెప్పలేదు. ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అన్నారా!

మార్చి 6

క్యామ్ అని ఉన్న ఫైలు దొరికిందని వదిన ఫోన్ చేసింది. నొక్కింది.

మార్చి 7

వదిన లాప్‌టాప్‌కు తాళం పడింది. డబ్బు కట్టమని తెర మీద ఎర్రటి అక్షరాలట. పెళ్లి ఫోటోలు, అన్నయ్య వీడియోలు, ఏదీ తెరుచుకోదట. ఫోన్లో వెక్కి వెక్కి ఏడ్చింది. ఎందుకిలా అయిందని అడిగితే, పాతది కదా వదినా, పాడైపోయి ఉంటుంది అన్నాను.

ఫోన్ పెట్టేసి రెండు గిన్నెల బక్సో సూపు లాగించాను. కడుపు చల్లబడింది. రాయడానికి సిగ్గేంటి, ఇది నా డైరీ.

మార్చి 9

అన్నం తిని వచ్చేసరికి అమ్మ కౌంటర్ దగ్గర కూర్చుని బిత్తరచూపులు చూస్తోంది. షాపు కంప్యూటర్ నిండా ఎర్రటి అక్షరాలు.

వదిన నొక్కేముందే ఆ ఫైలు ఇంకో పెన్‌డ్రైవ్‌లో కూడా ఎక్కించిందట. నా లాప్‌టాప్ ఎలాగూ పాడైంది, మీరైనా మీ అబ్బాయి నవ్వు వినండి అత్తయ్యా, అని అమ్మకు ఇచ్చిందట. నొక్కితే వాడు నవ్వడం లేదేంటే, అని అమ్మ నన్నే అడిగింది.

అంతా పోయింది. క్యామ్ ప్రింట్ కూడా. వదిన కంటపడుతుందేమోనని ఇంకెక్కడా కాపీ పెట్టుకోలేదు.

మార్చి 12

వదిన వచ్చింది. నా వల్లే నీ షాపు మునిగింది, క్షమించు సులీ, అంది. నా మొహంలోకి చూసి, నీదీ అచ్చం ఆయన నవ్వే, ఒక్కసారి నవ్వవా, అని అడిగింది.

నవ్వాను.

కాదులే, అంది.