బ్యాకౌట్ అయిందన్నావు కదా అక్కా

మహబూబాబాద్,
16 నవంబర్ 2025.

లతక్కకు,

జమ్లీ నమస్కారాలు. నువ్వూ, ఓదెమ్మ పెద్దమ్మా కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. పెద్దమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. తండాలో మా అమ్మ కూడా బాగుంది, పత్తి ఏరే పనిలో పడింది. మనం కలిసి ఉన్న గదిలో ఇప్పుడు నేనొక్కదాన్నే ఉంటున్నాను. నీ మంచం ఇంటి ఓనరమ్మ తీసుకుపోయింది.

నిన్న నీ మెసేజ్ చూశాను. ఇన్ని నెలల తర్వాత నీ నుంచి వచ్చిన మొదటి మాట అది. “జమ్లీ, మళ్లొక పాఠం చూపియ్యమంటున్నరు. అప్, డౌన్ మీద నువ్వు పిల్లలతోని చేపిచ్చిన ఆటలు జర రాసి పంపు” అని. ఎట్లున్నవని ఒక్క మాట కూడా లేదు. ఫోన్ చేద్దామనుకున్నాను. కానీ నీ గొంతు వింటే నేను అనాల్సినవి అనలేను. అందుకే రాస్తున్నాను.

ఆ పాఠం ఎట్లా పుట్టిందో నీకు తెలుసు. మా ఇంట్లో తెలుగు లేదు. లంబాడీ మాటే. కురవి బడిలో వేసినప్పుడు నాకు వచ్చిన తెలుగు చాలా తక్కువ. ఒకరోజు మా మేక కనబడక ఏడుస్తుంటే సారు ఏమైందని అడిగారు. “మేక ఎగిరిపోయింది” అన్నాను. తరగతంతా పడీపడీ నవ్వింది. తప్పిపోవడం, పారిపోవడం, ఎగిరిపోవడం, అన్నింటి చివరా ఆ ‘పోవడం’ ఒక్కటే వినిపించేది నాకు. ముందున్న మాట మారితే పోయే తీరు మారుతుందని తెలుసుకోవడానికి చాలా రోజులు పట్టింది. ఆ నవ్వు మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది.

అందుకే ఇక్కడి బడిలో మనం ఇంగ్లిష్ చెప్పిన తొమ్మిదో తరగతి పిల్లలు ‘రన్ అవే’, ‘డ్రైవ్ ఆఫ్’, ‘గెట్ అవుట్’ అని అర్థాలు బట్టీ పడుతుంటే నాకు పాపమనిపించింది. తెలుగులో పోవడం మాట తోకకు అతుక్కుని ఉంటుంది, ఇంగ్లిషులో విడిగా ఒక చిన్న మాటై వెనకాల నడుస్తుంది, అంతే తేడా అని చెప్పాను. గ్రౌండులో సుద్దతో పెద్ద గీత గుండ్రంగా గీసి పిల్లల్ని అందులో నిలబెట్టాను. గీత లోపలి నుంచి బయటికి దూకితే ‘అవుట్’. ఎక్కడి నుంచైనా సరే, మన మధ్య దూరం పెరిగితే ‘అవే’. చేతులు పట్టుకున్న ఇద్దరు విడివడితే ‘ఆఫ్’. నువ్వు వరండాలో నిలబడి, “ఏందే జమ్లీ, సర్కస్ పెట్టినవా?” అని నవ్వావు. మర్నాటి నుంచి నువ్వూ గీత దగ్గరికి వచ్చావు. నీ వంతు లేదని నేను అనను. ‘ఆఫ్’కు గుండీ ఊడిపోవడం ఉదాహరణ నీదే.

చిల్పూర్ బుగులు వెంకటేశ్వరస్వామి దగ్గరికి పోయి వస్తూ జనగామ బస్టాండులో కూర్చున్నాం చూడు, ఆ సాయంత్రం నాకు బాగా ఇష్టం. బస్సు బస్టాండులోంచి బయటికి తిరిగితే నువ్వు “పుల్ అవుట్” అనేదానివి. మనకు దూరమవుతుంటే నేను “పుల్ అవే” అనేదాన్ని. పక్కన కూర్చున్న ముసలమ్మ మనల్ని చూసి, “గీ పోరిలకు ఏమైంది?” అంది. ఆ ఆటలో పడి మన బస్సే పోయింది. ఇద్దరం ఎంత నవ్వామో.

జులైలో జనగామలో ఇంగ్లిష్ టీచర్ల సమావేశమనీ, భూపాలపల్లిలోని ఒక పెద్ద హాస్టల్ స్కూలు వాళ్ళు పాఠాలు చూసి టీచర్ను ఎంచుకుంటారనీ నువ్వే చెప్పావు. ఇద్దరం కలిసి చేద్దామన్నావు. తీసుకునేది ఒక్కరినే అని తెలిసినప్పుడు నేను ఏమన్నాను? “నీకే రావాలె అక్కా, పెద్దమ్మను మంచి దవాఖానల చూపియ్యొచ్చు” అన్నాను. మనసులో ఒకటి పెట్టుకుని అన్న మాట కాదది.

సమావేశానికి ముందు రోజు నువ్వు, “వాయిదా పడ్డది జమ్లీ. తండాకు పోయి మీ అవ్వను చూసిరా, పరేషాన్ గాకు” అన్నావు. బస్టాండు దాకా వచ్చి నన్ను బస్సెక్కించావు. కిటికీలోంచి అరటిపండ్లు కూడా అందించావు.

మర్నాడే జనగామలో ఆ పాఠం నువ్వొక్కదానివే చెప్పావు. ఆ వీడియో మన బడి అంతా చూసింది. అదే సుద్ద గీత, అవే ఆటలు. అంతవరకు సర్దుకునేదాన్నేమో. కానీ “చిన్నప్పుడు మా మేక తప్పిపోతే నేను ఎగిరిపోయిందన్న” అని నవ్వుతూ చెప్పావు. మీ కొడకండ్ల ఇంట్లో మేకలు ఎప్పుడున్నాయక్కా? నా మీద నవ్విన నవ్వును కూడా నీదని చెప్పుకున్నావు. అక్కడి వాళ్ళు చప్పట్లు కొట్టారు.

పేర్లు చదివే సారు, ఇంకొక టీచర్ పేరు కూడా ఉందే, ఆవిడేరీ అని అడిగారు. నువ్వు “షీ బ్యాక్డ్ అవుట్” అన్నావు.

అక్కా, నాకు జ్వరమొచ్చిందని చెప్పొచ్చు. బస్సు దొరకలేదని చెప్పొచ్చు. ఆ మాటే ఎందుకు? బ్యాక్ అవే అంటే ముఖం ఇటే పెట్టి వెనక్కి అడుగులేయడం, బ్యాక్ అవుట్ అంటే ఒప్పుకున్న పని నుంచి జారుకోవడం. ఈ తేడా నీకు చెప్పింది నేనే. నేను ఎక్కడా జారుకోలేదు. నువ్వు నన్ను సెండ్ అవే చేశావు.

నువ్వు భూపాలపల్లి ఉద్యోగంలో చేరి వెళ్ళిపోయావు. ఆ ఒక్క మాట మాత్రం నన్ను వదల్లేదు. మన హెడ్మాస్టర్ పిలిచి, “భయపడి ఎన్కకు తగ్గినవటగదమ్మా, పెద్ద క్లాసులు ఇంకెట్ల జెప్తవ్?” అని తొమ్మిదీ పదీ తీసేసి మూడో తరగతి ఇచ్చారు. నేను నోరు తెరిచేలోపే ఇంకో పనిలో పడ్డారు. ఉద్యోగం కోసం నర్సంపేటలో ఇంకో బడికి పోతే, ఆ సమావేశానికి వచ్చిన మేడమే అక్కడ ఉంది. పేరు చెప్పగానే, “మీరేనా?” అంది. అంతే. మళ్ళీ పిలవలేదు.

దసరా సెలవుల్లో నేను భూపాలపల్లి వచ్చాను. నర్సంపేట దగ్గర బస్సు మారి, వానలో తడిసి, నువ్వూ పెద్దమ్మా ఉంటున్న మీ స్కూలు గేటు దగ్గర నిలబడ్డాను. లోపలి నుంచి నువ్వు గొడుగు పట్టుకుని వచ్చావు. నన్ను చూశావు. ఆగావు. తర్వాత వెనక్కి తిరిగి లోపలికి పోయావు. కాసేపటికి వాచ్‌మన్ వచ్చి, “మేడం ఊర్ల లేదట” అన్నాడు. అతను నా ముఖం చూడలేక నేల చూశాడు. పెద్దమ్మ కోసం తెచ్చిన జొన్నరొట్టెలు అతనికే ఇచ్చి వచ్చేశాను.

నువ్వు అడిగిన ఆటలు పంపను. వాటిని మూడో తరగతి పిల్లలతో ఆడిస్తున్నాను. నీ మాట నమ్మి హెడ్మాస్టర్ పెట్టిన తరగతే అయినా, పిల్లలు మంచివాళ్ళు. వచ్చే నెల వరంగల్‌లో ఇట్లాంటి సమావేశమే ఉంది. నా పేరు నేనే పంపుకున్నాను. అక్కడ మా మేక గురించి నేనే చెబుతాను. ఎవరైనా విన్నట్టుందే అంటే, ఎవరి దగ్గర విన్నారో కూడా చెబుతాను. నీకు ముందే తెలియాలని రాస్తున్నాను. చాటున చేయడం నాకు రాదు.

పెద్దమ్మకు నా దండాలు చెప్పు. ఆమెకు ఇవేవీ తెలియనివ్వకు.

ఒకప్పుడు నీ చెల్లెలైన,
జమ్లీ.

తా.క.: నేను వీడియో చూసి తెలుసుకున్నానని నువ్వు అనుకుంటూ ఉంటావు. కాదక్కా. తండాకు పోయిన సాయంత్రమే మన బళ్ళో ఆయా యాకమ్మ ఫోన్ చేసి, “రేపు జనగామకు ఇద్దరు ఏ బండికి పోతున్నరు?” అని అడిగింది. వాయిదా పడిందని నీకెవరో తప్పు చెప్పారనుకున్నాను. నువ్వు ఒక్కదానివే పరేషానవుతావని పొద్దున్నే రైలెక్కి జనగామ వచ్చాను. నేను వచ్చేసరికి నీ పాఠం నడుస్తోంది. చివరి వరసలో కూర్చున్నాను. ఆ సారు ఇంకొక టీచర్ ఏరీ అని అడిగినప్పుడు నేను కుర్చీలోంచి లేచాను. నువ్వు ఆ మాట అన్నావు. నేను మళ్ళీ కూర్చున్నాను. హాలు పెద్దది, నువ్వు నన్ను చూసి ఉండవు, చూస్తే అట్లా అనేదానివి కాదు అని ఇన్ని నెలలు నాకు నేనే చెప్పుకున్నాను. భూపాలపల్లి వచ్చింది నిన్ను నిలదీయడానికి కాదు, నన్ను చూస్తే అట్లా అనేదానివి కాదన్నది నిజమో కాదో తెలుసుకోవడానికే. గేటు దగ్గర మన మధ్య పది అడుగులు కూడా లేవు.